కరెంటు బావు తిరిగిన కొండల్లో

నాన్న సంవత్సరీకం ఆశ్వయుజంలో అయిపోయింది. ఏటిసూతకంలో కొండ ఎక్కకూడదంటారు మా వైపు. శృంగవరపుకోటలో మా డాబా మీద నిలబడితే అనంతగిరి కొండలు కనిపిస్తూనే ఉంటాయి. అమ్మ ఏడాదంతా సాయంత్రాలు అక్కడే కూర్చుంది కానీ అటు వెళ్దామని మాత్రం ఒక్కసారీ అనలేదు. కార్తీకం వచ్చాక తనే అంది, "మీ నాన్న తిరిగిన చోట్లు ఓసారి చూసొద్దాం" అని. అమ్మ, అన్నయ్య, వదిన, వాళ్ల తొమ్మిదేళ్ల చిన్నోడు, నేను బయల్దేరాం. తిరిగొచ్చి బట్టలు ఉతుక్కున్నాం, తెచ్చిన అల్లం ఇంకా వంటింట్లో వాసనేస్తోంది. మర్చిపోకముందే రాసేస్తున్నాను.

నాన్న కరెంటు డిపార్టుమెంటులో లైన్ ఇన్‌స్పెక్టరు. ఉద్యోగంలో ఎక్కువ భాగం అనంతగిరి, అరకు కొండల్లోనే గడిచింది. అక్కడివాళ్లకి ఆయన కరెంటు బావు, అంటే కరెంటు బాబు. గాలివాన వచ్చిందంటే అర్ధరాత్రయినా టార్చీ, రెయిన్‌కోటు పట్టుకుని వెళ్లిపోయేవారు. అంత తిరిగిన మనిషి ఆదివారం ఇంట్లో పడుకోవాలి కదా! మమ్మల్నందరినీ వెంటేసుకుని మళ్లీ ఆ కొండలకే తీసుకెళ్లేవారు. మోకాళ్ల నొప్పులని అమ్మ అంటే, "నువ్వు రాకపోతే నాకు దారి గుర్తుండదు" అనేవారు. ఆ కొండల్లో ఆయనకి తెలియని దారి లేదు. ఆ సంగతి అమ్మకీ తెలుసు. అయినా ప్రతిసారీ చెప్పులేసుకునేది.

గురువారం, కోట నుంచి బొర్రా

కోటలో కిరండూల్ ప్యాసింజరు ఎక్కి కుడిపక్క కిటికీల దగ్గర సర్దుకున్నాం. లోయ అటువైపే కనిపిస్తుందని నాన్న చిన్నప్పుడే నేర్పారు. బొడ్డవర దాటాక బండి నెమ్మదిస్తుంది, కొండ మొదలవుతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి, అక్కణ్నుంచి ఓడల్లో జపానుకి పంపడానికి 1960ల్లో వేసిన లైను ఇది. 58 సొరంగాలున్నాయి. అంత రాయిని తొలిచిన కూలీల పేర్లు ఎక్కడా రాసి లేవని నాన్న ఈ బండి ఎక్కిన ప్రతిసారీ అనేవారు. తన లైను మీద పనిచేసిన కూలీల పేర్లు మాత్రం రిటైరయ్యాక కూడా వరసగా చెప్పేవారు.

సొరంగంలోకి వెళ్లగానే ఆయనొక ఆట ఆడించేవారు. చీకటి పడగానే ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తారు, మేం "ఉన్నా" అనాలి. ఇప్పుడు చిన్నోడు ఆ పని మొదలెట్టాడు. నానమ్మా అన్నాడు, ఉన్నా. అత్తా అన్నాడు, ఉన్నా. వాడి అమ్మానాన్నలిద్దరూ పలికారు. ఇంకో సొరంగం వచ్చింది. మళ్లీ అందరినీ పిలిచి, అలవాటు మీద "తాతా" అనేశాడు. మాకెవ్వరికీ నోరు పెగల్లేదు. ఎదురు సీట్లో ఖాళీ తట్టలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న పెద్దాయన ఒకరు, ఆట ఏంటో తెలియకపోయినా, "ఓయ్" అన్నారు.

వెలుతురొచ్చేసరికి అమ్మ కొంగు కళ్లకి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. పెద్దాయన కోటలో సీతాఫలాలు అమ్ముకుని తిరిగి వెళ్తున్నారట. అడుగున మిగిలిన రెండు కాయలు తీసి చిన్నోడి చేతిలో పెట్టారు. డబ్బులివ్వబోతే అన్నయ్య చెయ్యి వెనక్కి తోసేశారు. నాన్న సీతాఫలం ఎలా తినిపించేవారో అప్పుడు గుర్తొచ్చింది. కాయని రెండు చెక్కలు చేసి, ఒక్కో తొనలోంచి గింజ తీసేసి, గుజ్జు మాత్రం ఆకులో పెట్టి ముందు అమ్మకి, తర్వాత మాకు ఇచ్చేవారు. తను ఆఖర్న చెక్కకి అంటుకున్నది గీరుకునేవారు. చిన్నప్పుడు నాన్నకి చెక్క అంటేనే ఇష్టమనుకునేదాన్ని.

బొర్రా స్టేషను నుంచి గుహలు దగ్గరే. విలియం కింగ్ అనే ఆంగ్లేయుడు 1807లో వీటిని లోకానికి చెప్పాడని గైడ్లు చెబుతారు. అంతకు ముందు నుంచీ ఇక్కడి ఊళ్లవాళ్లు లోపల శివుణ్ని కొలుస్తూనే ఉన్నారు. సున్నపురాయి మీద నీళ్లు చుక్క చుక్కగా పడి పేరుకున్న ఆకారాలకి గైడు కుర్రాడు ఏవేవో పేర్లు చెబుతున్నాడు. నాన్న వస్తే వాటికన్నా ముందు దీపాల వైర్లు చూసేవారు. ఎక్కడైనా జాయింటు వదులుగా ఉంటే అక్కడి మనిషిని పక్కకి పిలిచి, నలుగురిలో చిన్నబోకుండా, మెల్లగా చెప్పేవారు. ఈసారి అన్నయ్య ఆ పని చేస్తుంటే చూశాను. నడుం మీద చెయ్యి పెట్టుకోవడం కూడా అచ్చం ఆయనదే.

అమ్మ మెట్లు పూర్తిగా దిగలేకపోయింది. సగం దూరంలో చప్టా మీద కూర్చుని నాన్న చెప్పిన సంగతి చిన్నోడికి చెప్పింది: ఈ కొండల్లో పుట్టిన గోస్తనీ కిందికి దిగి మన తాటిపూడి రిజర్వాయరు నింపుతుంది, విశాఖ కుళాయిల్లోకి వెళ్తుంది, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. "అయితే మనం తాగేవి ఇవేనా?" అని వాడు పైనుంచి రాలే చుక్కకింద నాలుక చాపాడు.

బయట బొంగులో చికెన్ పొయ్యిలు వరసగా మండుతున్నాయి. పచ్చి వెదురులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, మూతికి ఆకు దోపి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు, నూనె చుక్క పడదు. కార్తీకం కాబట్టి మా ఇంట్లో మాంసం లేదు. చిన్నోడి మొహం చూసి అమ్మే, "వాడికి పెట్టండి, పిల్లలకి నియమాలేంటి" అంది. వాడొక్కడే అడ్డాకులో పెట్టుకుని తిన్నాడు. మేం మొక్కజొన్న పొత్తులు కాల్పించుకున్నాం.

శుక్రవారం, అరకు సంత

పొద్దున్న చలికి చిన్నోడు దుప్పట్లోంచి బయటికి రానన్నాడు. నాన్న ఉంటే ఈపాటికి అందరం బయట ఉండేవాళ్లం. వానాకాలంలో తెల్లారకముందే వాగు పక్కన ఒక పిట్ట మనిషి ఈల వేసినట్టే కూస్తుంది. నల్లగా ఉంటుంది, ఎండ తగిలితే నీలంగా మెరుస్తుంది. ఇంగ్లీషులో మలబార్ విజిలింగ్ త్రష్ అంటారని ఎవరో పక్షుల ఆయన చెబితే పాకెట్ పుస్తకంలో రాసుకున్నారు నాన్న. దానికి జవాబుగా తనూ ఈల వేసేవారు. ఈ నెలలో దాని పాట వినిపించడం తక్కువే, మాకూ వినపడలేదు.

శుక్రవారం అరకులో సంత. ఊళ్ల నుంచి జీపుల మీద, నడిచి, తెల్లారేసరికే జనం దిగిపోతారు. అల్లం, పచ్చి పసుపు కొమ్ములు, రాజ్‌మా గింజలు, పిప్పళ్లు, కొండ చీపుర్లు, అడ్డాకుల కట్టలు ఒకపక్క. మైదానం నుంచి వచ్చిన ఎండు చేపలు, ఉప్పు, ప్లాస్టిక్ బిందెలు, పిల్లల స్వెట్టర్లు ఇంకోపక్క. చాలా సరుకు తూకానికి అమ్మరు. గోనెపట్టా మీద కుప్పలు పోసి, కుప్పకింత అంటారు. ముక్కుకి మూడు ముక్కుపుడకలు పెట్టుకున్న పెద్ద వయసు ఆడవాళ్లు కుప్ప వెనకాల కదలకుండా కూర్చుంటారు. రమ్మని పిలవరు. మనమే వంగి అడగాలి.

అమ్మ ఒక అల్లం కుప్ప దగ్గర ఆగింది. కుప్ప 60 అంది ఆ కుప్ప ముసలామె. అమ్మ 40 అంది. ఇద్దరూ 50 దగ్గర ఆగారు. అమ్మ డబ్బులిస్తుంటే ఆమె మొహంలోకి తేరిపార చూసి, "నువ్వు కరెంటు బావు ఇంటామె కదా? బావు రానేదేటి?" అంది. అన్నయ్య చెప్పాడు. ఆమె కాసేపు ఏమీ అనలేదు. చేతిలో నోటు మడిచి, విప్పి, మళ్లీ మడిచింది.

తర్వాత చెప్పింది. ప్రతిసారీ అమ్మ బేరమాడి ముందుకి వెళ్లిపోయాక నాన్న వెనక్కొచ్చి, తగ్గించిన డబ్బు ఆమె చేతిలో పెట్టి వెళ్లేవారట. "సెప్పకమ్మా, ఆవిడికి బేరం సెయ్యడమంటే సరదా అనేవోడు" అంది.

అమ్మ అక్కడే, గోనెపట్టా పక్కనే కూర్చుండిపోయింది. నాకు టెన్షన్ వచ్చింది, కళ్లు తిరిగాయేమోనని. తను మాత్రం నవ్వుతోంది. "ఇన్నేళ్లూ నేనాడిన బేరమంతా ఇలా చేశాడా మనిషి! ఇంటికొచ్చి, భలే తగ్గించావే అని మెచ్చుకునేవాడు కూడాను" అంది. నాన్న పోయాక అమ్మ అంత గట్టిగా నవ్వడం అదే మొదలు. చుట్టుపక్కల కుప్పలవాళ్లు కూడా నవ్వారు. ఆ పది రూపాయలూ అమ్మ తనే తీసి ఇచ్చింది. ఆమె పుచ్చుకుని, ఇంకో గుప్పెడు అల్లం సంచిలో వేసింది.

మధ్యాహ్నం గిరిజన మ్యూజియం చూశాం. థింసా నాట్యం బొమ్మల దగ్గర చిన్నోడు చాలాసేపు నిలబడ్డాడు. భోజనం ఒక చిన్న హోటల్లో, రాజ్‌మా కూర, వేడన్నం, అల్లం పచ్చడి. మనిషికి 120 అయింది. తర్వాత గాజు గ్లాసులో కాఫీ 20 రూపాయలు. అరకు లోయ అరబికాకి 2019లో జీఐ అనే భౌగోళిక గుర్తింపు వచ్చాక కాఫీ దుకాణాలు బాగా పెరిగాయి. నాన్న తాగింది ఇలాంటి గ్లాసుల కాఫీయే, చక్కెర ఎక్కువగా.

శనివారం, పనసచెట్టు ఊరు

నాన్న చివరిదాకా వెళ్తూ వచ్చిన ఊరొకటి ఉంది, అనంతగిరి వైపు, రోడ్డు నుంచి లోపలికి. పేరు ఇక్కడ రాయడం లేదు. ఇరవై, పాతిక ఇళ్ల ఊరు. రీల్సు తీసుకునే వాళ్లందరూ అక్కడికి వెళ్లడం నాకిష్టం లేదు. జీపు రోజంతా తిప్పినందుకు 3,000 అడిగాడు డ్రైవరు. కుర్రాడు, హుకుంపేట వైపు వాడు, నెమ్మదిగా నడిపాడు.

దారిలో వలిసె పూల తోటలు. కొండవాలు అంతా పసుపు పరుచుకుని ఉంది. తోటలోకి దిగి ఫొటో తీసుకుంటే మనిషికి 20 రూపాయలు అని రైతులు తాడు కట్టి కూర్చుంటున్నారు. అది న్యాయమే అనిపించింది. ఆ పువ్వు గింజకట్టి నూనెకి వెళ్లాల్సిన పంట, తొక్కితే పోతుంది. నాన్న తోటలోకి అడుగు పెట్టనిచ్చేవారు కాదు. గట్టు మీదే కూర్చోబెట్టి తేనెటీగల పెట్టెలు చూపించేవారు, ఏ పెట్టెలోకి ఎక్కువ ఈగలు వెళ్తున్నాయో లెక్క పెట్టమనేవారు. చిన్నోడికి అన్నయ్య అదే చూపించాడు. వాడు గట్టు మీంచి లేవడానికి అరగంట పట్టింది.

కొత్తగా వేసిన ఒక సిమెంటు రోడ్డు చూసి ఇదే అనుకుని డ్రైవరు తిప్పేశాడు. అది ఒక కాఫీ తోట గట్టు దగ్గర ఆగిపోయింది. ఎత్తయిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటి మానుకి అల్లుకున్న మిరియాల తీగలు, కింద నీడలో కాఫీ మొక్కలు. ఆడవాళ్లు నడుముకి సంచులు కట్టుకుని ఎర్రగా పండిన కాయలు మాత్రం కోస్తున్నారు, పచ్చివి అలాగే వదిలేస్తున్నారు. దారి అడిగితే ఒకావిడ పని ఆపి మాతో పాటు మలుపుదాకా నడిచొచ్చింది. చెయ్యి చాపి చూపిస్తే సరిపోయేది. ఇక్కడ దారి చెప్పడమంటే తీసుకెళ్లి దింపడమే. మీరెవరి ఇంటికి అని అడిగింది. కరెంటు బావు వాళ్లమని అన్నయ్య అన్నాడు. "అయితే కరెంటు తీగ కింద నడిసి ఎల్లిపోండి, బావు ఎప్పుడూ అలాగే వచ్చీవోడు" అంది.

జీపు అక్కడే వదిలేసి, అమ్మకి ఒక కర్ర వెతికిచ్చి, తీగ కింద నడిచాం. స్తంభాలు గీత గీసినంత తిన్నగా వెళ్తున్నాయి. ఊరి ముందు మాత్రం లైను ఉన్నట్టుండి ఎడమకి తిరిగి, ఒక పెద్ద పనసచెట్టు చుట్టి, మళ్లీ తన దారిలో పడింది. అన్నయ్య ఆగిపోయాడు. వాడూ కరెంటు పనే చేస్తున్నాడు. మలుపు స్తంభానికి కట్టిన స్టే వైరు పట్టుకుని చూసి, "తిన్నగా వేస్తే రెండు స్తంభాలు మిగిలేవి. ఎస్టిమేటులో ఇది ఎవడూ ఒప్పుకోడు" అన్నాడు.

ఊళ్లో ఎర్రమట్టి అలికిన అరుగు మీద మంచం వాల్చి, ముందు కాళ్లకి నీళ్లు, తర్వాత తాగడానికి నీళ్లు ఇచ్చారు. ఎవరు, ఎందుకొచ్చారని నీళ్లు తాగేదాకా ఎవరూ అడగరు. ఊరి పెద్దాయన అమ్మని చూసి మంచం దగ్గరికొచ్చి కింద కూర్చున్నారు. నాన్న పోయిన సంగతి ఆయనకి తెలుసు, జీపులవాళ్లు చెప్పారట. పనసచెట్టు సంగతి అన్నయ్య అడిగాడు.

"సెట్టు కొట్టీమన్నారు పైవోళ్లు. మాకు వానాకాలం గింజలు అయిపోతే ఆ సెట్టే కూడు. బావు ఆదివారం ఒక్కడే వచ్చి, అడుగులేసి కొలిసి, లైను తిప్పేద్దాం, గోతులు మీరు తవ్వితే స్తంభాలు నేను తెస్తానన్నాడు. తెచ్చినాడు. రోడ్డు నేదు కదా, తాళ్లేసి భుజాలమీద మోసినాం. బావు కూడా భుజం పెట్టినాడు."

భుజం అనగానే అమ్మ నా వైపు చూసింది. ఒకప్పుడు నాన్న కుడి భుజం కమిలిపోయి నెల్లాళ్లు కాపడం పెట్టించుకున్నారు. సైకిలు మీంచి పడ్డానని చెప్పారు ఇంట్లో.

మాకు రాగి అంబలి, కాల్చిన పెండలం పెట్టారు. తింటూ ఉంటే ఒకావిడ నన్ను చూసి, "హైదరాబాదులో ఉన్న పిల్లవి నువ్వే కదా, నీకు ఈత రాదు, కుక్కలంటే భయం" అంది. ఇంకొకరు అన్నయ్యని, ఇంటరులో లెక్కలు తప్పి మళ్లీ పాసయ్యావు కదా అన్నారు. వదిన పురుడు ఎంత కష్టమైందో, చిన్నోడు ఎన్ని కిలోలు పుట్టాడో కూడా వాళ్లకి తెలుసు. మేం ఈ ఊరికి ఒకటి రెండుసార్లు వచ్చి ఉంటాం, అదీ చిన్నప్పుడు. నాన్న మాత్రం మమ్మల్ని ఏళ్లపాటు ఇక్కడికి తెస్తూనే ఉన్నారన్నమాట. ఇంట్లో రాత్రి అన్నాల దగ్గర ఈ ఊరి సంగతులు చెప్పేవారు, ఎవరికి పిల్ల పుట్టింది, ఎవరి ఆవు కొండ దాటిపోయింది అని. ఇక్కడ ఈ అరుగు మీద మా సంగతులు చెప్పేవారు. తను చేసినవి మాత్రం రెండు చోట్లా చెప్పలేదు.

అమ్మ పనసచెట్టు దాకా నడిచి వెళ్లి మాను మీద చెయ్యి వేసింది. పసుపు కుంకుమ పెడతారా అని ఎవరో అడిగితే వద్దంది. "ఆయనకి అవన్నీ నచ్చవు, కాయలు కాస్తే చాలు" అంది.

ఆదివారం, ఉసిరిచెట్టు కింద

కార్తీక ఆదివారం వనభోజనం నాన్న ఎప్పుడూ మానలేదు. ఆయన పద్ధతేమిటంటే, ఆ పూట అమ్మ గరిటె ముట్టుకోకూడదు. రాళ్ల పొయ్యి పెట్టడం, పుల్లలు ఏరడం, వండటం, ఆఖర్న గిన్నెలు వాగులో ఇసకతో తోమడం అన్నీ మగవాళ్ల పనే. చుట్టాల్లో మగవాళ్లు మొదట మొహమాటపడేవారు. ఒకటి రెండేళ్లకి అలవాటైపోయింది.

ఊరి పెద్దాయన ముందురోజే ఒక ఉసిరిచెట్టు చూపించి ఉంచారు, వాగు పక్కన. పెద్ద గిన్నె, పప్పులు, చింతపండు కోటనుంచే తెచ్చుకున్నాం. గుమ్మడికాయ, మునక్కాయలు సంతలో కొన్నాం. అన్నయ్య పులిహోర కలిపాడు, దప్పళం కాచాడు. దప్పళంలో ఉప్పు తక్కువైంది, నాన్న కాచినా తక్కువే అయ్యేది, ఆయన బీపీ మాత్రల మనిషి. చిన్నోడు చెట్టు కింద రాలిన ఉసిరికాయలు ఏరి ఒక్కొక్కరికీ రెండేసి పంచాడు. తిన్నాక నీళ్లు తాగితే తియ్యగా ఉంటాయని వాడికి ఎవరు చెప్పారో వేరే చెప్పక్కర్లేదు.

ఊళ్లోంచి పదిహేను మంది దాకా వచ్చారు. ఎవరూ ఊరికే రాలేదు. ఒకరు సామబియ్యం, ఒకరు చిక్కుళ్లు, ఒకామె విస్తళ్లకి అడ్డాకులు పుల్లలతో కుట్టి తెచ్చింది. ముందు పిల్లలు, తర్వాత ముసలివాళ్లు తిన్నారు. డ్రైవరు కుర్రాడు జీపు దగ్గర ఉండిపోతే చిన్నోడు వెళ్లి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. తిన్నాక అన్నయ్య, డ్రైవరు, ఊళ్లో కుర్రాళ్లు గిన్నెలు పట్టుకుని వాగులోకి దిగారు.

పులిహోర చాలా మిగిలింది. అమ్మ గిన్నెతో సహా పెద్దాయన కోడలి చేతిలో పెట్టింది. ఆ అమ్మాయి గబగబా వేరే గిన్నెలోకి తీసి ఇచ్చేస్తానంది. అమ్మ ఒప్పుకోలేదు. ఖాళీ గిన్నె ఇవ్వకూడదు కదా, పనసకాయలు దిగినప్పుడు అందులో ఇవ్వు అంది. అయితే ఏప్రిల్లో మా ఊరి ఇటుకల పండక్కి వచ్చీయండి, కాఫీ పూత కూడా చూస్తారు, కొండంతా వాసనే అన్నారు పెద్దాయన. చిన్నోడి పరీక్షలు ఎప్పుడైపోతాయో అన్నయ్య అక్కడే స్కూలు గ్రూపులో వెతకడం మొదలుపెట్టాడు. అమ్మ డ్రైవరు నంబరు నా ఫోనులో ఎక్కించమంది, ఏ పేరుతో పెట్టమంటావంటే "పనసచెట్టు జీపు" అని రాయి అంది.